పందొమ్మిదో చువ్వ

మెదెబెర్ సందులో తెల్లారకముందే రేకుల మోత.
డ్రమ్ములు కోసి పొయ్యిలు చేసేవాళ్ళ మధ్య
వొల్దాయ్ దుకాణం ఒక్కటే నెమ్మది.

తలకిందులుగా బిగించిన పాత ఫోర్కులో
నాకంటే నలభై ఏళ్ళు పెద్ద చక్రం.
"ఇటలీవాళ్ళు అస్మారాలో వదిలిపోయినవాటిలో
ఇంకా తిన్నగా తిరుగుతున్నవి రెండే,
ఇదీ, మూలమీది హోటల్లో కాఫీ మిషనూ"
అంటాడాయన, ఏ చక్రం తెచ్చినా.

నిప్పిళ్ళకు రాత్రే నూనె పెట్టాం.
తుప్పు మీద బలం చూపించకూడదు,
శనగల్లా నానాలి.
ఇక కీ వేసి పావు చుట్టు,
ఆపైన ఒక్క రవ్వ వెనక్కి.
చువ్వ మెలికపడితే వేలికే తెలుస్తుంది.

బెండు కంటితో తీయాలి, బిగువు చెవితో.
రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటే
గీత ఎక్కడ పడిందో అక్కడుంది తప్పు.
అది నా పని.
గోటితో మీటి వినడం ఆయన పని,
నిరుటిదాకా.

నిరుడు చలికాలం చెవులు మూసుకుపోయాయి.
ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.
మీటి, నా మొహంకేసి చూస్తున్నాడంతే.
"ఏమంటోంది, మెహ్రెత్?"
"కాస్త లోగొంతు."
"ఇప్పుడో?"
"పక్కదానితో కలిసింది."

గొలుసు వైపువి గట్టిగా, అవతలివి ఒక మెట్టు కింద,
వరసగా వచ్చి
పందొమ్మిదో చువ్వ దగ్గర ఆగిపోయాం.
నెఫాసిత్ మలుపులో ఎప్పుడో రాయి తగిలిన చోటు.
శ్రుతి కలిపితే రిమ్ము వంకర.
వంకర తీస్తే చువ్వ బొంగురు.
మూడుసార్లు తిప్పాం,
ఇక్కడ పెట్టింది అక్కడినుంచి తీసిందే.

ఆదివారం పందెం.
గిర్మాయ్ తమ్ముడు టైరు భుజాన వేసుకుని
గడపలో, ఒంటికాలి మీద.

ఆయన మీటాడు. నా మొహం చూశాడు.
బొంగురుగానే ఉంది.
"కలిసింది" అన్నాను.

కీ కింద పెట్టలేదు.
చక్రం మీదికి వంగి
ఆ చువ్వను పళ్ళతో కరిచి పట్టుకుని
మళ్ళీ మీటాడు.
కళ్ళు మూసుకుని అలా ఎంతసేపో,
బయట రేకులవాళ్ళు మాత్రం ఆగలేదు.

"అబద్ధం" అన్నాడు, పెదవి మీద తుప్పుతో.
"ఆపింది మాత్రం సరైన చోటే.
దాన్నలా పాడనీ. దిగుడులో బ్రేకు పట్టేది రిమ్ముని,
పాటని కాదు.
టైరెక్కించు."

సాయంత్రం దుకాణం చిమ్మేటప్పుడు
గోడకున్న ఇంకో చక్రం దించి
నేనూ ఒక చువ్వ కరిచి చూశాను.
చల్లగా, ఉప్పగా.
దవడ లోపల ఎక్కడో
దారి తప్పిన తేనెటీగ.