ఒకటోదా, రెండోదా

మింట్ స్ట్రీట్‌లో కళ్ళజోళ్ళ కొట్లో
పందొమ్మిదేళ్ళుగా ఒకటే ప్రశ్న నాది:
"ఇది తేటగా ఉందా, ఇదా?
ఒకటోదా, రెండోదా?"
గడ్డం ఆనించి కూర్చున్న
గిర్వీ కొట్టు షావుకారు కూడా
బడిపిల్లాడిలా తడబడతాడు,
తప్పు చెబితే కొడతానేమో అన్నట్టు.

ఇవాళ నా వంతు.

చీటీ పాడి కెమెరా కొన్నాను.
ఒట్టి కెమెరా, లెన్సు లేకుండా.
మూత తీస్తే లోపల
దీపం పెట్టని గూడు.
చేతిలో మిగిలింది నాలుగువేల మూడొందలు,
ఆ మూడొందలూ పాలవాడివి.

బర్మా బజార్లో షాహుల్ అన్న
ముందు బీరువా పైవరసే చూపించాడు,
చూడ్డానికి డబ్బులెందుకమ్మా అంటూ.
తెల్లటి గొట్టం, నా మోచేయంత.
అది తగిలిస్తే హార్బర్లో ఓడమీద
ఆరేసిన లుంగీ గళ్ళు లెక్కపెట్టొచ్చట.
ధర చెప్పాడు.
"ఆ లుంగీ ఎవరిదైతే నాకేంలే అన్నా," అన్నాను.

తర్వాత ఒక జూము,
ఎవరో కెమెరాతో కొని, విప్పి అమ్మేసింది.
మూడువేల ఐదొందలు.
దగ్గరా చూస్తుంది, దూరమూ చూస్తుంది,
పొద్దు వాలితే మాత్రం
గోడ పట్టుకుని నడుస్తుంది.
మా కొట్లో ఉన్నది ఒక్క ట్యూబులైటు.

ఆ పక్కన యాభై. కొత్తది. ప్లాస్టిక్కు.
అప్పడంలా తేలిక.
బిగించి చూస్తే షాహుల్ అన్న మొహం
చట్రం నిండా నిండిపోయింది,
భుజాలకి చోటు లేదు.
వెనక్కి జరిగాను, ఇంకాస్త జరిగాను,
వెనకాల చార్జర్లు అమ్మే కుర్రాడు
"అక్కా, నా బల్ల!" అని అరిచాడు.
ఆ ఇరుకే నాకు కావలసింది.
ఏడువేల ఎనిమిదొందలన్నాడు.
జాగ్రత్తగా విప్పి ఇచ్చేశాను.

అప్పుడు తీశాడు బల్లకింద నుంచి
తూకపురాయంత బరువైన పాత యాభై.
"ఫంగస్ ఉందమ్మా," అన్నాడు, దాచకుండా.
"పదిహేనొందలు. అడాప్టర్ ఎనిమిదొందలు.
ఫోకస్ నువ్వే తిప్పుకోవాలి."

ఫోను టార్చి వెనకనుంచి వేశాను.
లోపలి అద్దం అంచున
మెంతుల మొలకల్లా తెల్లటి పోగులు.
ఈ ఊరి ఉప్పుగాలీ, కార్తీకం ముసురూ
ఏ గాజునీ వదలవు, నాకు తెలుసు.
మా సొరుగుల్లో ఏటా తుడిచేదాన్ని.
పైపూత కొరికింది. గాజుని కొరకలేదు.
"పన్నెండొందలు," అన్నాను.
"అద్దం చూడ్డం ఎక్కడ నేర్చావమ్మా?"
చెప్పలేదు.
బేరం ఇంకా తెగలేదు మరి.

పదమూడొందలకి తెగింది.

మా కొట్లో అద్దాలు అరగదీసే మునిరత్నం
ఆ రాత్రి షట్టరు సగం దించి
మూడు ఉంగరాలు విప్పి, మందు రాసి, ఊది,
మళ్ళీ బిగించాడు.
దోమకాలంత మచ్చ మిగిలింది.
ఎదురెండలో తప్ప కనబడదట.
ఎదురెండ మింట్ స్ట్రీట్‌లోకి ఎప్పుడొచ్చింది కనక!

నాకు ఓడలొద్దు, పక్షులొద్దు.
పాత జోడు తీసి బల్లమీద పెట్టి
కొత్తది అందుకునే లోపల
మనుషులకొక మొహం ఉంటుంది.
ముక్కుకి అటూ ఇటూ ఎర్రటి గుంటలు,
రెప్పలకింద ఎండ తగలని చర్మం,
నా గొంతు ఎటునుంచి వస్తే అటు
తిరిగే కళ్ళు.
అద్దంలో వాళ్ళెప్పుడూ చూసుకోలేదు దాన్ని.
జోడు లేనిదే అద్దం కనబడదు వాళ్ళకి.

"మునిరత్నం, ఓసారి కళ్ళజోడు తీయవా."

తీశాడు.
ఉంగరం తిప్పాను. కనుబొమ్మ తేటయింది.
ఇంకొంచెం తిప్పితే చెవి. దాటిపోయాను.
మళ్ళీ వెనక్కి, వెంట్రుకవాసి.
"బాగుందా?" అన్నాడు మసకలోకి చూస్తూ.
"ఉండు, ఉండు. ఇంకా ఒకటోదే."

లెన్సుని ఇప్పుడు మురుకుల డబ్బాలో పెడుతున్నాను,
ఫ్రేముల పెట్టెల్లో వచ్చే
తేమ పీల్చే పొట్లాలు పదకొండు వేసి.
సాయంత్రం మా చిన్నది మూత తీసి చూసి
మూతి ముడుచుకుని
నాలాగే టార్చి వేసి మరీ వెతికింది.