నొప్పి, నిప్పు

దొరసాని వస్తున్నదన్నరు.
తెల్లగుంటది, పొడుగ్గుంటది, నీలం కండ్లుంటయన్నరు.
కాంపౌండరు రాజలింగు గోడలకు సున్నమేయించిండు.
నేను వార్డంత ఫినాయిల్‌తోని రెండుసార్లు తుడిసిన.
కాజీపేటల రైలు దిగి
నర్సంపేట బస్సుల నిలవడే వచ్చింది,
నా చిన్నబిడ్డంత పిల్ల.
చప్పిడి ముక్కు, నల్లటి జడ, చెమటకు తడిసిన మెడ.
"గీమెనేనా?" అన్నడు రాజలింగు
సున్నం పైసలు యాది చేసుకుంట.

పేరు మారిసెల్. మా నోట్లె వడి మర్సమ్మైంది.
దేశం ఫిలిప్పీన్స్.
అది యాడుంటదంటే
పల్లెంల నాలుగు మెతుకులు చల్లి చూపెట్టింది.
మెతుక్కూ మెతుక్కూ నడుమ అంత సముద్రమేనట.
మాకు నీళ్లంటే బోరు మోటరు,
మోటరంటే రాత్రి రెండింటికొచ్చే కరెంటు.

పొద్దుగాల పురుషోత్తం సారొచ్చి పుస్తకం భాష చెప్పేది,
"తమకు బాధగా ఉన్నదా?"
మాపటికి నేను ఆ భాషను దులిపేది.
గట్లంటే ముసలోల్లు బెదురుతరు బిడ్డా,
"నొప్పున్నదా?" అను.
మూడోనాడు ఓదేలు తాత మంచం కాడికి వొయ్యి
మంచిగ నవ్వుకుంట అడిగింది:
"నిప్పున్నదా?"
తాత అటిటు చూసిండు.
దిండు కింద దాసుకున్న అగ్గిపెట్టె తీసి
మెల్లగ దాని చేతుల వెట్టిండు.
"బీడి నాకూ ఒకటియ్యి" అన్నడు.
కుట్లు పిగిలేదాక నవ్విన్రు వార్డు వార్డంత.
గానాటి సంది తాతే అడిగేది,
"మర్సమ్మా, నిప్పున్నదా?"

పచ్చిపులుసు పోస్తే మొదటి బుక్కకే కండ్లు మూసింది.
వాళ్లమ్మ గూడ చింతపండే పిసుకుతదట.
అంగడిల ఎండుచేపల కుప్ప కాడ
కొనలె, పోలె, ఊకె నిలవడ్డది.
అమ్మే ఆమె ఈగలు కొట్టుడు ఆపి
ఒక గుప్పెడు కాయితంల చుట్టిచ్చింది.
పైసలు అడగలె.

ఐతారం రాజలింగు సైకిలేసుకొని పాకాల దిక్కు వోయింది.
పొద్దుమీకింది, రాలె.
నా పానం పానంల లేదు.
చీకట్ల వచ్చి చెప్పింది,
కట్ట దిగి కాళ్లు ముంచిందట,
దోసిలితోని నోట్లె వోసుకున్నదట.
"ఉప్పు లేదు" అన్నది,
ఎవలో మోసం చేసినట్టు.
ఆ రాత్రి దాబా మీద చాపేసుకొని
"గీ చుక్కల్ని మా అమ్మ
రెండున్నర గంటల ముందే చూసి పండుకున్నది" అన్నది.
నేనేమనాలె? దోమలగొట్టుకుంట కూసున్న.

సారు "మనం", "మేం" చెప్పేటి నాడు
మస్తు తయారై వచ్చిండు,
దొరలకిది తలకెక్కదని బొమ్మలు గీసుకొని.
అది బొమ్మలు చూడకముందే తల ఊపింది.
"మాకూ రెండున్నయి.
తాయో అంటే నువ్వు సుత. కామి అంటే నువ్వు కాదు."
సారు కాయితం మడతవెట్టి జేబుల వెట్టుకున్నడు.
నేను చీపురు వట్టుకొని తలుపు కాడ విన్న.
ముప్పై ఏండ్ల సంది వచ్చిపోయిన దొరలు
మంచోల్లే, కాదనను,
మాట మొదలువెడితే "మేము మీ కోసం" అన్నోల్లే.

తొమ్మిదోనాడు కోడి కూయకముందే
ఓదేలు తాత పోయిండు.
బిడ్డ కనకలచ్చి వరండల కూలవడి
"మా నాయినా, మా నాయినా" అని నేల కొట్టుకున్నది.
పిల్ల చేతుల ప్రార్థన పుస్తకమున్నది, తెరువలె.
పక్కకు గచ్చు మీద కూసున్నది,
కాళ్లు ముడుసుకొని.
ఎంతసేపటికో "మన తాత" అన్నది.
భాష రాక అన్నదనుకున్నరు నర్సులు.
సారైతే దిద్దెటోడే.
నాకెరుకే, దానికి రెండున్నయి.

మర్నాడు డ్యూటీకొచ్చింది.
ఏడో మంచం కాడ వంగి
"నొప్పున్నదా?" అన్నది,
అచ్చం మా తీరుగ.
ఎవ్వలు నవ్వలె.
వంగినప్పుడు దాని జేబుల
అగ్గిపుల్లలు గలగలమన్నయి.