రవాణా ప్రమాదం

లాహ్తిలో డిసెంబరు. మధ్యాహ్నం మూడింటికే
కిటికీ నల్లబడిపోతుంది.
ల్యాబ్‌లో హిల్లా ఒక పెట్టెను పదిసార్లు పడేస్తుంది:
ముందు ఒక మూల మీద,
తర్వాత మూడు అంచుల మీద,
చివరికి ఆరు ముఖాల మీద.
ఎత్తు డెబ్బై ఆరు సెంటీమీటర్లు. వెంట్రుకవాసి తేడా రాకూడదు.
లోపల పింగాణీ కప్పు.
పడిన ప్రతిసారీ అట్టకు చెవి ఆనిస్తుంది,
పుచ్చకాయ బేరమాడేవాళ్లలా.

"విప్పగానే మరిచిపోయేదే మంచి పెట్టె"
అంటారు రౌతియో మేడమ్.

రాత్రి పదింటికి అదే హిల్లా
పార్సిళ్ల గోడౌన్‌లో, బెల్టు పక్కన.
గంటకు తొమ్మిది వందలు.
మొదటి గంట పెట్టెల్ని దించుతుంది,
తర్వాత జారవిడుస్తుంది,
మూడింటికల్లా విసురుతుంది.
ఎర్ర గ్లాసు బొమ్మ ఉన్నదొకటి
తలకిందులుగా ఎగిరిపోతుంటే
చూపు పక్కకు తిప్పుకుంటుంది,
అప్పిచ్చినవాళ్లు ఎదురొచ్చినట్టు.

పాఠ్యపుస్తకం నలభై ఒకటో పేజీలో
ఆమె ఉంది. పేరు లేదు.
రవాణాలో ప్రమాదాలు అన్న పట్టికలో
తేమ, కుదుపు, ఎలుకలు,
వాటి కింద: మనుషుల చేతులు.

పరీక్షలో అడిగారు, లోపలి మెత్త దేనికని.
హిల్లా రాసింది:
తెల్లవారుజామున నా భుజం నొప్పి
రొవానియెమిలో ఎవరి కప్పుకూ
తెలియకుండా ఉండటానికి.

మేడమ్ ఆ వాక్యం కింద పెన్సిలు గీత గీశారు.
చాలాసేపు చూశారు.
ప్రమాణం నంబరు రాయలేదని
రెండు మార్కులు కోశారు.

ఆ రాత్రి కూడా షిఫ్టు ఉంది.