గాలి మరగకముందే

వెరిబీలో మా కళ్ళజోళ్ళ దుకాణానికి ఆదివారం సెలవు.
వారమంతా ఊళ్ళోవాళ్ళ చూపుకి నంబర్లు రాసే నేను
ఆరునెలలుగా నా చూపు సరిచేసుకోలేక ఛస్తున్నాను.

ఆరువందల మిల్లీమీటర్ల జూమ్ లెన్స్.
రెండు కిలోల పైనే. పసిపిల్ల మెడకింద పెట్టినట్టు
ఎడమ అరచెయ్యి అడుగున పెట్టి మోస్తాను.
ఇంటికొచ్చి తెరమీద పెద్దది చేసి చూస్తే
ప్రతి పిట్టా నీళ్ళలో నానిన అటుకు.
ముక్కు ఎక్కడ ఆగిందో, బురద ఎక్కడ మొదలైందో తెలీదు.

లెన్స్‌దే తప్పన్నాను.
సిటీకి మోసుకెళ్ళి రిపేరుకిచ్చాను.
మూడు వారాలుంచుకుని, నూటనలభై డాలర్లు పుచ్చుకుని
దీనికే రోగమూ లేదని చీటీ రాసిచ్చాడు.
ఆడలేక మద్దెల ఓడన్న మాట
చీటీలో లేదు గానీ, నేను చదువుకున్నాను.

షట్టర్ వేగం పెంచాను, సెకనులో రెండువేలో వంతుకి.
పాత జీన్సు కాలు కత్తిరించి, రెండు కొసలూ కుట్టి
మూడు కిలోల సోనా మసూరీ పోసి
కారు కిటికీ అంచున దిండులా వేశాను.
గుడ్లమీద కోడిలా లెన్స్ ఒదిగి కూర్చుంది.
అయినా అటుకులే.

మెల్‌బోర్న్ మహానగరం కడిగేసుకున్నదంతా
చివరికొచ్చి చేరే చెరువులివి.
గేటు తాళంచెవికి డబ్బుకట్టి మరీ
ఈ కంపులోకి వస్తానంటే
మా అక్క ఫోనులో చాలాసేపు నవ్వింది.

గట్టు అవతల డొమెనికో క్యాబేజీ తోట.
జన్మలో కెమెరా పట్టినవాడు కాదు.
ఓ ఆదివారం పదకొండింటికి కారు పక్కన నిలబడి
"ఏం తీస్తున్నావు, ఆవిరినా?" అన్నాడు.
దూరంగా కంచె గుంజలు చూపించాడు.
నాగస్వరం విన్నట్టు ఊగుతున్నాయవి.
"గాలి మరుగుతోంది. మరిగే గిన్నెలో అడుగు కనిపిస్తుందా?
మేం క్యాబేజీ తెల్లారకముందే కోస్తాం.
అప్పుడు రా. ఇంకా దగ్గరికి రా.
కారు దిగితే నేరమేం కాదుగా."

నాకూ పిట్టకీ మధ్య
ఖాళీ అనుకున్న చోట
ఇన్నాళ్ళూ ఓ పొయ్యి మండుతోందన్నమాట.

తర్వాతి ఆదివారం, ఐదూ పది.
బురదలో బోర్లా పడుకున్నాను.
బియ్యం సంచి ముందుకి తోస్తూ, మోచేతులమీద
జానెడు పాకడం, ఆగడం.
చలికి సంచీలోంచి పచ్చిబియ్యం వాసన.

చిన్న ఉల్లంకి. సైబీరియా నుంచి ఎగిరొచ్చింది.
ముప్ఫై గ్రాములుంటుందేమో,
నా సంచిలోంచి గుప్పెడు తీస్తే అదే ఎక్కువ తూగుతుంది.
ఒంటికాలిమీద నిద్రపోతోంది.
ఫోకస్ చుక్క కంటిమీద పెట్టాను.
కన్ను మూసుంది.
దుకాణంలో రోజుకి ఇరవైమందికి
రెప్ప వెయ్యకండని చెప్పేదాన్ని
ఆవగింజంత రెప్ప ఒకటి తెరుచుకోవాలని
ఊపిరి సగంలో ఆపి పడున్నాను.

తెరిచింది.
రెండో కాలు దించింది.
మూడుసార్లు నొక్కాను, అంతే.
వెనక ఎక్కడో డొమెనికో ట్రాక్టరు దగ్గింది, గుంపంతా లేచిపోయింది.

రాత్రి తెరమీద పెద్దది చేశాను.
ఈక ఈకకీ అంచుంది.
కంటిలో ఒక చుక్క తెల్లవారి ఉంది.
కాలికి నారింజరంగు పట్టీ, దానిమీద మూడక్షరాలు,
మూడోది ఉప్పునీటికి కాస్త అరిగింది.
ఎవరో, ఎప్పుడో, ఏ తీరానో
దీన్ని గుప్పిట పట్టుకుని ఆ పట్టీ తొడిగారు.
దాని గుండె వాళ్ళ వేళ్ళకి కొట్టుకునుంటుంది.
ఆరువందల మిల్లీమీటర్లు మోసుకుని
నేను ఇరవై అడుగులదాకా వచ్చాను.

సంచి కుట్టు ఎప్పుడు పిగిలిందో,
కారు సీటంతా గింజలు.
ఏరినవి తెచ్చి వంటింటి త్రాసులో పోశాను.
ముప్ఫై దగ్గర ఆపాను.
అరచేతిలోకి ఒంపుకుని, వేళ్ళు మూసి
కాసేపు
అలాగే నిలబడ్డాను.