రెప్ప గొట్టకు

కొత్తవాడ రేషన్ షాపుల
కొంరవ్వ బొటనవేలు మళ్లా ఓడిపోయింది.
నలభై ఏండ్ల జంపఖానా పోగులు
గీతలన్నీ అరగదీసుకపోయినయ్.

"కన్ను వెట్టవ్వా, రెప్ప గొట్టకు" అన్న.
నల్ల డబ్బా ముంగట గుడ్లు పెద్దగ జేసింది.
కొట్టింది.
మళ్లా కొట్టింది.

దేవుళ్లకు రెప్ప పడదంటరు,
వాళ్లకు బియ్యమిచ్చుడు అల్కగ.

"ఏం జేద్దు బిడ్డా,
నాడె ఇటుకెళ్లి అటు వోతే ఒక రెప్ప,
అటుకెళ్లి ఇటొస్తే ఒకటి.
మగ్గం గుంతల నేర్సిన లెక్క,
ఇడువమంటే ఇడుస్తదా?"

లైన్లకెళ్లి ఎవడో నవ్విండు:
"డీలర్‌కు కన్ను గొడుతున్నవా అవ్వా?"

ఆమె మర్లలే. డబ్బా దిక్కే జూసుకుంట అన్నది:
"నాకు కన్ను గొట్టేటోడు
కన్ను మూసి పదకొండేండ్లాయె.
సగం తెరిసే ఉండె.
గీ చేతితోనే మూసిన."

అప్పుడు పడలే రెప్ప.
డబ్బా పచ్చగ వెలిగింది.

కాంట మీద అంకె
కొట్టుకుంట కొట్టుకుంట
ఆరు కాడ ఆగింది.
సంచి మూతి పట్టుకొని
నేను బియ్యం దిక్కే జూసిన.
నా కండ్లల్ల ఏదో నలక వడ్డది.
"ఊదాల్నా?" అన్నది.