నాలుగో రీలు

మేకలు తినంగ పోస్టరు సగమే మిగిలింది:
గుర్రం వెనకకాళ్లు, ఇంత దుమ్ము,
చివరికి “ల లోయ” అన్న మూడక్షరాలు.
ఆ మూడక్షరాలతోనే నలభై ఆరేండ్లు వెతికిన.
పాముల లోయ కాదు. కత్తుల లోయ కాదు.
శవాల లోయని ఒకటి దొరికితే
ఇంటర్వెల్ దాక చూసి, హీరోకు మీసం ఉన్నదని ఆపేసిన.
మా హీరోకు మీసం లేదు. అది ఖాయం.
టోపీ మాత్రం అట్టతోని చేసింది,
వానపాటల మెత్తబడి చెవుల మీదికి దిగింది.

మొన్న అహేరి బస్సుల
బ్యాటరీల దుకాణం ఇస్తారి మనవడు
ఫోన్ నా చేతిల పెట్టిండు: రవ్వల లోయ.
ప్రింటంతా గీతలు, ఒక మూలకు ఎవరిదో ముద్ర.
కానీ ఆ టోపీ!

సిరొంచల అప్పుడు థియేటర్ ఎక్కడిది,
ఎండకాలం మూడు నెలలు డేరా టాకీసు.
రీలు డబ్బాలు చెన్నూరు నుంచి సైకిల్ మీద అర్జునగుట్ట దాక,
అక్కడ పడవెక్కి ప్రాణహిత దాటి రావాలె.
ఆ యేడు పడవ ఒరిగింది.
మనుషులు తడిసి బయటపడ్డరు.
నాలుగో డబ్బా పడలేదు.

ఆపరేటర్ ఓదెలు టికెట్ పైసలు వాపసియ్యలేదు.
మూడో రీలు అయిపోంగనే
మిషన్ దీపం అట్లనే ఉంచి మైకు పట్టుకున్నడు.
ఉత్త తెల్ల గుడ్డ. దాని మీద పురుగుల నీడలు.
“నాలుగోది ప్రాణహిత చూస్తున్నది,
మీకు నేను చెప్త.”

అతనూ ఆ బొమ్మ చూసినోడు కాదు.
ఐదో రీలు కొసను కందిలి ముంగట పట్టి చూసుకున్నడంట:
హీరో చేతికి కట్టు, కింద తెల్ల గుర్రం.
మూడో రీలు దాక గుర్రం నల్లది.
ఈ రెంటి నడుమ ఏం జరగాల్నో
నిలబడ్డకాడనే పుట్టించాలె.

హీరోయిన్ కొండ మీదికెల్లి జారిందన్నడు.
కింద మన నదే, మన బానయ్య పడవే.
వెనక బెంచీలకెల్లి బానయ్య
“ఔ, నేనే తీసిన” అన్నడు.
గేడాం హవల్దారు కోసం
ప్రతి ముక్కా మరాఠీల మళ్లొకసారి.
ఆమె బతకదనుకొని
గుర్రం ఒడ్డునే నిలబడ్డదన్నడు,
మేత ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు,
పొద్దుపొడిచేసరికి
వెంట్రుక వెంట్రుకా తెల్లబడ్డదన్నడు.

డేరాల సప్పుడు లేదు.
ఆ చలికాలమే, తమ్ముడు పోయిన పదిహేను దినాలల్ల,
మా అమ్మకు తల మొత్తం నెరిసింది.
ముప్పై రెండేండ్లప్పుడు.
ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంట
“గుర్రం గూడ” అన్నది. అంతే.

ఇప్పుడు బస్సుల అసలుది నడుస్తున్నది.
హీరో చేతికి గుచ్చుకున్నది నాగజెముడు ముల్లు.
తెల్ల గుర్రాన్ని సంతల బేరమాడి కొన్నడు,
ముప్పై రూపాయలకు, అందుల ఐదు ఎగ్గొట్టిండు.
హీరోయిన్ పడ్డది గడ్డివాము మీద.
మిగిలిందంతా
పిండి బస్తాల దాక్కున్న కమెడియన్ తుమ్ములు.
ఏడు నిమిషాలు.
నవ్విన గూడ, అబద్ధమెందుకు.

రేపనపల్లి దాటినంక క్లైమాక్స్.
లోయంతా కనపడేటట్టు దూరంకెల్లి తీసిన షాటు:
ఎండల తెల్ల గుర్రం,
దాని వెనక, బండ నీడకు, తోక ఊపుకుంట
నల్లది.
ఆపిన. రెండు వేళ్లతోని పెద్దగ చేసిన. నల్లదే.
మరి ఆ రాత్రి మేమెట్ల నమ్మినం?

బస్సు గుంతల పడి లేచినప్పుడు యాదికొచ్చింది:
మైకు కిర్రుమన్న సప్పుడు,
మిషన్ కాడికెల్లి ఉరికొచ్చిన ఓదెలు ఆయాసం.
“ఆ నల్లది దాని పిల్ల.
నాలుగో రీల్లనే ఈనింది,
నేనే చెప్పుడు మరిచిన.”