గొడ్డలికీ రంపానికీ పోలిక

కుయోపియోలో మార్చి నెల.
కిటికీ అవతల సరస్సు
ఇంకా గడ్డకట్టే ఉంది.
బల్లకు ఇటు నేను, స్టాప్‌వాచీ.
అటు ఊర్పో, అరవై ఒక్కేళ్ళు,
గోళ్ళ సందుల్లో ఇంకా వదలని తారు.

తాత ఆ పేరు పెట్టిన రోజుల్లో
ఊర్పో అంటే కొమ్మ మీద మొగ్గ.
ఇప్పుడు మా పిల్లలు
వెర్రిబాగులోడా అని తిట్టుకోవాలంటే
ఊర్పో అంటారు.
ఫారం మీద ఆ పేరు రాస్తూ
నేను తల ఎత్తలేదు.

ఎరుపూ తెలుపూ దిమ్మలిచ్చి
బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నాను.
ఒక్కోదాన్నీ గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని
"చెక్క కాదిది" అన్నాడు.
అరవై సెకన్లూ దానికే సరి.
తలుపు దగ్గర వార్డర్ టైస్టో గొణిగాడు:
తెలివి తెల్లారినట్టే ఉంది.

ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు.
వెనకనుంచి చెప్పండి.
"వెనక్కి తిప్పడమే వస్తే
ఇక్కడెందుకుంటాను?"

గొడ్డలికీ రంపానికీ పోలిక ఏమిటి?
చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.
"రెండూ మా తమ్ముడు పట్టుకెళ్ళాడు.
రెండూ తిరిగివ్వలేదు."

పనిముట్లు అంటే రెండు మార్కులు.
ఇనుముతో చేస్తారు అంటే ఒకటి.
ఇది సున్నా.
పోలీసు కాగితాలు నలభై పేజీలు:
తమ్ముడి సౌనా, బయటనుంచి గొళ్ళెం, నిప్పు.
కారణం అన్నచోట: తెలియరాలేదు.
ఆ సున్నా చుట్టడానికి నాకు ఎంతసేపు పట్టిందో
స్టాప్‌వాచీ నావైపు తిరిగి లేదు కనక
ఎవరికీ తెలీదు.

లేస్తూ అడిగాడు: "నీకెంత వచ్చింది?"
నాకా?
"నిన్నెవరూ అడగలేదా ఇవన్నీ?"

తర్వాత కిటికీ వైపు గడ్డం ఎత్తి,
"సాయంత్రం మంచు మీదనుంచేగా పోతావు.
రెల్లు పక్కకి పోకు.
అక్కడ రంగు మారింది.
నిన్నట్నుంచి కాకులు కూడా వాలట్లేదు."

ఆ మాట వెయ్యడానికి ఫారంలో గడి లేదు.
మిగతావన్నీ కూడాను.
అరవై ఏడు.
కోర్టు అడిగింది ఆ అంకె ఒక్కటే.
కవరు నాలుకతో తడిపి అతికించాను.

ఇంటికి గట్టు మీద రోడ్డు పట్టుకున్నాను,
మూడు కిలోమీటర్లు చుట్టు.
ఇటెందుకు వస్తున్నావని ఎవరైనా అడిగితే
చెప్పడానికి
ఒక అబద్ధం తయారు చేసుకుంటూ.